జేబులో ఇమిడే రివాల్వర్, వీసా మీద ఉన్న పిల్లలు

గౌరవనీయులైన సంపాదకుల వారికి,

నమస్కారం. అమెరికాలో దుకాణంలో పనిచేస్తున్న తెలుగు విద్యార్థిపై కాల్పులు జరిగాయన్న వార్త మీ పత్రికలో వచ్చిన ప్రతిసారీ ఇక్కడి తెలుగు ఇళ్లలో ఒకే మాట వినిపిస్తుంది. "ఆత్మరక్షణకు చిన్న రివాల్వర్ ఒకటి దగ్గర ఉంచుకుంటే పోయేదేముంది?" టెక్సస్‌లో ఇరవై రెండేళ్లుగా ఈ మాట వింటున్నాను. ఒకప్పుడు నేనూ అన్నాను. పోయేది ఏమిటో అక్కడి తల్లిదండ్రులకు, ఇక్కడికి రాబోతున్న పిల్లలకు తెలియాలనే ఆందోళనతో ఈ లేఖ రాస్తున్నాను.

కిందటి వేసవిలో మా అక్క కొడుకు మా ఇంటికి వచ్చాడు. ఎం.ఎస్. రెండో సెమిస్టర్ చదువుతూ, రాత్రిళ్లు ఒక గ్యాస్ స్టేషన్‌లో కౌంటర్ దగ్గర నిలబడుతున్నాడు. క్యాంపస్ బయట అనుమతి లేకుండా అలా పనిచేయడమే వీసా నిబంధనలకు విరుద్ధమని వాడికీ తెలుసు, మాకూ తెలుసు. భోజనాల దగ్గర వాడు, "పిన్నీ, నా గురించి భయపడకు, ఓనర్ అంకుల్ కౌంటర్ కింద డ్రాయర్‌లో రివాల్వర్ పెట్టారు, అవసరమైతే తీయమన్నారు" అని ధైర్యం చెప్పాడు. ఆ మాటతో నాకు ధైర్యం రాలేదు సరికదా, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పొట్టి గొట్టం రివాల్వర్ మీద ఇక్కడి జనానికి ఉన్న మోజు అర్థంలేనిదని నేను అనను. దానికి గట్టి కారణాలే ఉన్నాయి. గొట్టం రెండు అంగుళాలకు కాస్త తక్కువ. తూటాలు ఉండే గుండ్రని సిలిండర్‌లో పట్టేవి సాధారణంగా ఐదు. అల్యూమినియం మిశ్రమంతో చేసిన రకాలు అర కిలో బరువు కూడా ఉండవు. ప్యాంటు జేబులోనో చేతిసంచిలోనో పెట్టుకుంటే, గుండ్రని పిడి వల్ల బట్టల పైనుంచి ఆకారం పెద్దగా తెలియదు. కొన్నింటిలో తూటాను పేల్చే సుత్తి చట్రం లోపలే దాగి ఉంటుంది కాబట్టి బయటికి తీసేటప్పుడు గుడ్డకు తగులుకోదు. పిస్టల్‌లా వెనక్కి లాగాల్సిన స్లైడ్ గానీ, ఊడదీసి పెట్టాల్సిన మ్యాగజైన్, అంటే తూటాల పెట్టె గానీ లేవు, చాలా రకాల్లో సేఫ్టీ మీట కూడా ఉండదు. ఒక తూటా పేలకపోతే ట్రిగ్గర్ మళ్లీ నొక్కితే సిలిండర్ తిరిగి తర్వాతి తూటా ఎదురుకు వస్తుంది. ఇంత తేలికైనది ఎవరికైనా సరిపోతుందనిపించడం సహజమే.

దీని వెనుక దాదాపు వందేళ్ల చరిత్ర ఉంది. కోల్ట్ కంపెనీ 1927లో డిటెక్టివ్ స్పెషల్‌ను తెచ్చింది. మామూలు దుస్తుల్లో తిరిగే పోలీసుల కోసమని పేరే చెబుతుంది. 1950లో స్మిత్ అండ్ వెసన్ ఐదు తూటాల చీఫ్స్ స్పెషల్‌ను ఒక పోలీసు అధిపతుల సమావేశంలో ప్రదర్శించింది, ఆ పేరు అలా వచ్చింది. 1986లో మయామీలో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు మరణించాక పోలీసు శాఖలు రివాల్వర్లను వదిలి పిస్టళ్లవైపు మళ్లడం వేగవంతమైంది. అయినా జేబులో పట్టే ఈ చిన్న రకం మాత్రం పోలేదు. పౌరుల చేతిసంచుల్లోకి, పడకగది బల్లల సొరుగుల్లోకి చేరింది. 1989లో ఆడవారి కోసమని లేడీస్మిత్ అనే పేరుతో ప్రత్యేకంగా అమ్మడం కూడా మొదలైంది. ఇప్పటికీ ఆడమనిషి తుపాకుల దుకాణానికి వెళ్తే కౌంటర్ వెనుక నిలబడ్డ వ్యక్తి మొదట చూపించేది చాలాసార్లు ఇదే. నాకూ ఇదే చూపించారు.

నేను కొన్నాను కూడా. అమెరికా పౌరసత్వం వచ్చిన తర్వాత, మా దుకాణం పక్క వీధిలో దోపిడీ జరిగిన నెలలో కొన్నాను. కొన్న తర్వాత తుపాకీ కాల్చడం సాధన చేసే రేంజ్‌లో శిక్షణకు వెళ్తే, ఇరవై అడుగుల దూరంలో ఉన్న కాగితం బొమ్మ మీద నేను కాల్చిన ఐదింటిలో తగిలినవి రెండే. ట్రిగ్గర్ నొక్కడానికి ఐదు కిలోలకు పైగా బలం కావాలి, అంటే తుపాకీ బరువుకు పది రెట్ల కంటే ఎక్కువ. అంత బలంతో వేలు లాగేసరికి తేలికైన తుపాకీ చేతిలో పక్కకు తిరుగుతుంది. గొట్టం పొట్టి కాబట్టి గురి చూసే రెండు బిందువుల మధ్య దూరం కూడా తక్కువే, చేతి దగ్గర వెంట్రుకవాసి తేడా వస్తే లక్ష్యం దగ్గర అది జానెడు అవుతుంది. బరువు లేకపోవడం వల్ల కుదుపంతా మణికట్టే భరించాలి. ఐదు తూటాలు అయిపోయాక మళ్లీ నింపడానికి వణికే చేతులకు ఎంతసేపు పడుతుందో ఊహించుకోవచ్చు. నాకు శిక్షణ ఇచ్చినాయన చెప్పిన మాట ఒకటి మరిచిపోలేను. కొత్తవాళ్లు అన్నిటికంటే ముందు కొనేది ఇదేననీ, నిజానికి ఇది ఏళ్ల సాధన ఉన్నవారి ఆయుధమనీ ఆయన అన్నాడు. దాచుకోవడానికి దాన్ని అంత అనువుగా చేసిన పొట్టితనం, తేలికతనమే కాల్చడానికి అంత కష్టమైనదిగానూ చేశాయి. అమ్మేటప్పుడు ఆ రెండో సగం ఎవరూ చెప్పరు.

అయితే ఇదంతా నాలాంటి పౌరుల సంగతి. వీసా మీద ఉన్న పిల్లల విషయంలో గురి తప్పుతుందా, తగులుతుందా అన్న ప్రశ్న వరకు కూడా వెళ్లనక్కరలేదు. దేశమంతటికీ వర్తించే అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమిగ్రెంట్ వీసాపై, అంటే తాత్కాలిక వీసాపై ఉన్నవారు, కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకీ గానీ తూటా గానీ కలిగి ఉండటమే నేరం. ఎఫ్-1 విద్యార్థి, హెచ్-1బి ఉద్యోగి, హెచ్-4 మీద ఉన్న భార్య లేదా భర్త, బి-2 మీద పిల్లల్ని చూడటానికి వచ్చిన తల్లిదండ్రులు అందరూ ఈ నిషేధం కిందికే వస్తారు. 2022లో చేసిన సవరణతో గరిష్ఠ శిక్ష పదేళ్ల నుంచి పదిహేనేళ్లకు పెరిగింది. దానికితోడు తుపాకీ నేరంలో శిక్ష పడితే దేశం నుంచి పంపించివేయడానికి అదే కారణమవుతుంది. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను సరదాగా రేంజ్‌కు తీసుకువెళ్లి చేతికి తుపాకీ ఇచ్చి ఫొటో తీసి బంధువుల గ్రూపుల్లో పెట్టేవారు ఈ వాక్యాన్ని దయచేసి మరోసారి చదవండి.

మన వాళ్లను తప్పుదోవ పట్టిస్తున్నది రాష్ట్ర చట్టాల గురించిన సగం వార్త. పర్మిట్ లేకుండానే తుపాకీ దాచుకుని తిరగవచ్చని టెక్సస్ 2021 సెప్టెంబరు నుంచి అనుమతించింది. 2024 నాటికి అలాంటి రాష్ట్రాలు ఇరవై తొమ్మిది అయ్యాయి. 2022 జూన్‌లో సుప్రీంకోర్టు బ్రూయెన్ కేసు తీర్పులో, తుపాకీతో బయట తిరగడానికి ప్రత్యేక కారణం చూపాలన్న న్యూయార్క్ పాత లైసెన్సు నిబంధనను కొట్టివేసింది. ఇవన్నీ నిజమే. కానీ ఫెడరల్ చట్టం నిషేధించినవారికి టెక్సస్ ఇచ్చిన ఈ వెసులుబాటు వర్తించదు. ఆ సగం మన వాట్సాప్ సందేశాల్లో కనపడదు.

ఇది కాగితం మీద చట్టం కాదని చెప్పడానికి రెహైఫ్ కేసు చాలు. ఎమిరేట్స్ నుంచి విద్యార్థి వీసాపై ఫ్లోరిడాకు వచ్చిన యువకుడిని మార్కులు సరిగా లేక విశ్వవిద్యాలయం తొలగించింది. దాంతో వీసా హోదా పోయింది. ఆ తర్వాత అతడు ఒక రేంజ్‌కు వెళ్లి రెండు తుపాకులతో కాల్చాడు. అంతే. ఎవరినీ బెదిరించలేదు, ఎవరికీ గాయం కాలేదు. అయినా కేసు పెట్టారు, శిక్ష పడింది. 2019లో సుప్రీంకోర్టు ఆ శిక్ష విషయంలో అతడికి అనుకూలంగా తీర్పు ఇచ్చింది గానీ, అందుకు కారణం తన హోదా పోయిందన్న సంగతి అతడికి తెలుసునని ప్రభుత్వం నిరూపించాలన్నదే. నిషేధం తప్పని కోర్టు అనలేదు. వీసా ఉన్నా తుపాకీ నేరమే, నిబంధన మీరి హోదా పోయినా నేరమే కాబట్టి, క్యాంపస్ బయట అనుమతి లేకుండా పనిచేస్తున్న మన పిల్లవాడు రెండు విధాలా ఇరుక్కుంటాడని వేరే చెప్పనక్కరలేదు.

వేట లైసెన్సు తీసుకుంటే తప్పించుకోవచ్చని మరో సలహా తిరుగుతోంది. చట్టబద్ధంగా పొందిన వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉన్న మాట వాస్తవమే. నిజంగా చట్టం తెలిసి, లాయరును అడిగి ఆ దారిలో వెళ్లేవారిని నేను తప్పుపట్టను. కానీ ఆ కాగితం తుపాకీని ఎలా పట్టుకోవాలో నేర్పదు. 2024లో అట్లాంటాలో ఒక తెలుగు విద్యార్థి తన తుపాకీని శుభ్రం చేసుకుంటుండగా అది పేలి మరణించిన వార్త మీ పాఠకులు మరిచిపోయి ఉండరు.

దుకాణాలు నడిపే తోటి తెలుగువారికి కూడా ఒక మాట. నిషేధం ఉన్న వ్యక్తి అని తెలిసి, లేదా తెలియడానికి తగిన కారణం ఉండి, అతడికి తుపాకీ అందించడం ఇచ్చినవారికీ నేరమే. ఇంకొకరి కోసం తన పేరు మీద కొనిపెట్టడం మరో నేరం. కొనేటప్పుడు నింపే ఫారంలో వీసా గురించి సూటిగా అడుగుతారు, అక్కడ అబద్ధం రాస్తే అదొకటి. కుర్రవాడి ప్రాణం మీద ప్రేమతోనే డ్రాయర్‌లో రివాల్వర్ పెట్టారని ఒప్పుకుంటాను. ప్రేమ ఉంటే రాత్రి షిఫ్ట్‌లో ఇద్దరిని ఉంచండి, కౌంటర్‌కు తూటాలను ఆపే అద్దం పెట్టించండి, గల్లాపెట్టెలో పెద్ద మొత్తం ఉంచకండి, అడిగితే ఉన్నది ఇచ్చేయమని పిల్లలకు ముందే గట్టిగా చెప్పండి. మా దుకాణంలో మేము చేసినవి ఇవే. నా రివాల్వర్ కౌంటర్ దగ్గర లేదు, ఇంట్లో తాళం వేసిన పెట్టెలో ఉంది.

మీకు నా విన్నపం ఇది. అమెరికా ప్రవేశాల కాలంలో మీ విద్యా అనుబంధంలో వీసా ఇంటర్వ్యూలు, బ్యాంకు రుణాలు, సామాను తూకం గురించి పేజీలు ఇస్తారు. అందులో ఈ చట్టానికి సగం పేజీ కేటాయించి, తెలిసిన లాయరు చేత తేట తెలుగులో రాయించండి. ఫీజులు తీసుకుని పిల్లలను పంపే కన్సల్టెన్సీలు ప్రయాణానికి ముందు పెట్టే సమావేశాల్లో, ఇక్కడి తెలుగు సంఘాలు కొత్త విద్యార్థులకు ఇచ్చే స్వాగత సభల్లో దాన్ని చదివి వినిపించాలి. మా అక్క కొడుకు ఆ పని మానేశాడు, ఇప్పుడు క్యాంపస్ గ్రంథాలయంలో గంటల లెక్కన పనిచేస్తున్నాడు. ఆ డ్రాయర్ ముందు ఈ రాత్రి మరో ఇంటి పిల్లవాడు నిలబడి ఉంటాడు, వాళ్ల అమ్మ మీ పత్రిక చదువుతూ ఉండవచ్చు.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు
ఇర్వింగ్, టెక్సస్