విశ్రాంతి ఎక్కడ వేశారో చూశారా?

సంపాదకుడు గారికి నమస్కారం.

గత వారం మీ లేఖల పేజీలో ఒక పాఠకుడి ఉత్తరం చదివాను. హ్యారీ పోటర్ ఆఖరి సినిమా చూసి మన పిల్లలు ఏడవడమేమిటి, ఎక్కడి మంత్రగాడు, ఎక్కడి మనం, ఇదంతా విదేశీ పిచ్చి, వ్యాపారం అని ఆయన బాధ. ఆ సినిమా ఆయన చూసినట్టు మాత్రం ఉత్తరంలో ఎక్కడా లేదు. నేను చూశాను. ముచ్చటపడి కాదు, తప్పక.

ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న మా మనవరాలు, దాని స్నేహితురాళ్లు ముగ్గురూ గుంటూరు నుంచి విజయవాడ వెళ్లి త్రీడీలో చూసొస్తామన్నారు. "తాతయ్య వెంట వస్తే పంపిస్తా" అంది మా కోడలు. అలా 64 ఏళ్ల వయసులో నేను మంత్రగాళ్ల బడి చూడటానికి బయల్దేరాను. తెలుగులో చూద్దామే అంటే, "వద్దు తాతయ్యా, మాకు వాళ్ల గొంతులే కావాలి" అన్నారు. సరే, టికెట్టు డబ్బులు నావైనా సినిమా వాళ్లది.

రైలెక్కగానే మనవరాలు సంచిలోంచి పుస్తకం తీసింది. 2007 జులైలో వాళ్ల మావయ్య హైదరాబాద్‌లో తెల్లవారకముందే లైన్లో నిలబడి కొనిచ్చిన ఏడో భాగం. 607 పేజీలు. అట్ట ఊడితే టేపు వేశారు, మధ్యలో ఒకచోట టీ మరక. అప్పటికి దానికి పన్నెండేళ్లు. మూడు రోజుల్లో చదివేసింది. ఇప్పుడు నలుగురూ దాన్ని మధ్యలో పెట్టుకుని, పరీక్ష హాలు బయట నిలబడి చివరి నిమిషంలో పేజీలు తిప్పినట్టు తిప్పుతున్నారు. ఎంసెట్ పుస్తకాల్ని ఇంత ఇష్టంగా తిప్పడం నేనైతే చూడలేదు.

థియేటర్ పేరు రాయను. కళ్లద్దాలకు విడిగా డబ్బు కట్టించుకున్నారు. నా అద్దాల మీద వాళ్లిచ్చిన నల్లద్దాలు పెట్టుకుని, ముక్కు మీద ఒక చెయ్యి వేసి పట్టుకుని చూశాను. హాల్లో సందడి అచ్చం మన సినిమాల్లాగే ఉంది. నెవిల్ అనే పిల్లాడు కత్తితో పాము తల నరికినప్పుడు వేసిన ఈలలు మా రోజుల్లో రామారావు గారి సినిమాకి వేసిన ఈలలకి తీసిపోవు. ఏడుగురు పిల్లల్ని కన్న తల్లి ఒకావిడ తన కూతురి మీదకొచ్చిన రాక్షసిని మట్టుబెడితే, వెనక వరసలోని ఆడవాళ్లు కుర్చీల్లోంచి లేచి మరీ చప్పట్లు కొట్టారు. వాళ్లేమీ చిన్నపిల్లలు కారు.

అసలు సంగతి విశ్రాంతి. దాని గురించి చెప్పాలనే ఈ ఉత్తరం.

కథ తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. స్నేప్ అని ఒక మాస్టారు. జిడ్డు జుట్టు, నల్ల అంగీ, మొదటి సినిమా నుంచీ హీరోని కాల్చుకు తింటాడు. పదేళ్లుగా పిల్లలందరూ ఈయన్ని తిట్టుకుంటూనే ఉన్నారు. ఆఖరి సినిమాలో ఆయన ప్రాణం పోతూ, తన కన్నీళ్లు పట్టుకుపొమ్మని హీరోకి చెబుతాడు. ఆ కన్నీళ్లలో జ్ఞాపకాలుంటాయి. ఒక పాత్రలో పోసి చూస్తే అసలు విషయం బయటపడుతుంది. చనిపోయిన హీరో తల్లిని ఆయన చిన్నప్పటి నుంచీ ప్రేమించాడు, ఆమె కోసమే లోకం చేత చెడ్డవాడనిపించుకుంటూ ఈ పిల్లాణ్ని కాపాడుతూ వచ్చాడు. ఎనిమిది సినిమాలకీ కీలకం ఆ కాసేపే. నాకు ముందు భాగాలేవీ తెలియకపోయినా గొంతు పట్టేసింది.

హ్యారీ ఆ చిన్న సీసా పట్టుకుని గదిలోకి పరుగెత్తాడు. పాత్ర మీదకి వంగాడు. తెర మీద ‘విశ్రాంతి’ అని పడింది. లైట్లు వెలిగాయి. "సమోసా, కూల్‌డ్రింక్" అంటూ కుర్రాడొచ్చాడు.

హాలంతా ఒక్కసారి అయ్యో అంది. కురుక్షేత్రం నాటకంలో కుంతి కర్ణుడి దగ్గరకొచ్చి "నువ్వు నా కొడుకువి నాయనా" అని చెప్పడానికి నోరు తెరవగానే తెర దించేస్తే మన ఊళ్లో ఏం జరిగి ఉండేదో ఆ పాఠకుడే ఊహించుకోవాలి. కుర్చీలు లేచేవి. ఈ పిల్లలు మర్యాదస్తులు కాబట్టి నిట్టూర్చి ఊరుకున్నారు. మళ్లీ మొదలైనప్పుడు సగం మంది బయటే ఉన్నారు. ఆ తల్లి కథ, ఆ మాస్టారి కన్నీళ్లు నడుస్తున్నంతసేపూ పాప్‌కార్న్ పొట్లాలు పట్టుకుని మా కాళ్లు తొక్కుకుంటూ వచ్చారు. తెరకడ్డంగా తలకాయలే. మా మనవరాలు ఏడ్చింది నిజమే. ఏ సీనుకి ఏడ్చిందో, సీను పాడైందని ఏడ్చిందో నేను అడగలేదు.

మన సినిమాల్లో విశ్రాంతిని రచయిత రాసుకుంటాడు. అక్కడొక మలుపు పెట్టి, జనం బయట టీ తాగుతూ దాని గురించే మాట్లాడుకునేలా చేస్తాడు. వాళ్ల సినిమాలకి అది లేదు. ఇక్కడ వేసేవాళ్లు గడియారం చూసి సగానికి ఆపేస్తారు. పైగా ఇది 130 నిమిషాల సినిమా. ఎనిమిదింటిలో ఇదే చిన్నది. ఆపకుండా వేసినా కొంపలు మునగవు. క్యాంటీన్ నడవాలి, ఒప్పుకుంటాను. అలాంటప్పుడు ముందురోజు ఎవరైనా ఒకరు కూర్చుని చూసి, ఎక్కడ ఆపితే బాగుంటుందో గుర్తు పెట్టుకోవచ్చు కదా.

చివర కూడా అంతే. యుద్ధం ముగిసింది. 19 ఏళ్ల తర్వాత అని అక్షరాలు పడ్డాయి. హీరో తన పిల్లల్ని రైలెక్కించడానికి స్టేషన్‌కొస్తాడు. 36 ఏళ్లు రైల్వేలో బుకింగ్ కౌంటర్లో కూర్చున్నవాణ్ని, ఆ ప్లాట్‌ఫారం సీను నాకు నచ్చింది. కుర్ర నటులకి నడివయసు వేషాలు వేశారని కొందరు కిసుక్కున నవ్వారు. ఆ సీను మొదట తీసింది బాగోలేక మళ్లీ తీశారట, మా మనవరాలు చెప్పింది. సరిగ్గా అప్పుడే సిబ్బంది రెండు తలుపులూ బార్లా తెరిచారు. ఎండ వచ్చి తెర మీద పడింది. "మూసెయ్యండి!" అని ఎన్ని గొంతులు అరిచాయో. పదేళ్లు ఎదురుచూసిన కథలో ఆఖరి రెండు నిమిషాలు వాళ్లకి ఎండలో కలిసిపోయాయి.

ఇక పిచ్చి అన్న మాట. తిరుగు రైల్లో నలుగురూ కొట్టుకున్నంత పని చేశారు. పుస్తకంలో హీరో, విలన్ల చివరి పోరు పెద్ద హాల్లో, అందరి కళ్లముందు జరుగుతుంది. విలన్ మామూలు మనిషిలా దబ్బున కింద పడి చస్తాడు. సినిమాలో ఇద్దరే ఆవరణలో తలపడతారు, వాడి శరీరం పెచ్చులు పెచ్చులుగా రేగి గాల్లో కలిసిపోతుంది. ఒకమ్మాయికి ఇది చూడటానికి బాగుంది. మా మనవరాలు ఒప్పుకోలేదు. "చావుకి భయపడి అన్ని ఘోరాలు చేసినవాడు చివరికి అందరిలాగే శవమై పడుండాలి. అదీ కథ. బూడిదైపోతే వాడు మామూలు మనిషని ఎవరికి తెలుస్తుంది?" అంది. నేను కిటికీ వైపు తిరిగి వింటున్నాను. ఈ మాట విని ఇటు తిరిగాను.

పుస్తకంలో హీరో అన్నిటికన్నా శక్తిగల మంత్రదండంతో విరిగిన తన పాత దండాన్ని బాగుచేసుకుంటాడు, సినిమాలో అది లేకుండానే ఆ శక్తిగల దండాన్ని విరిచేశాడని ఇంకో గొడవ. ఒక్క పుస్తకాన్ని రెండు సినిమాలు చేసి కూడా హెడ్మాస్టరు చెల్లెలి కథ సరిగా చెప్పలేదని మరొకటి. "డబ్బు కోసమే రెండు ముక్కలు చేశారు" అని తేల్చింది వాళ్లే. ఆ పాఠకుడు కనిపెట్టాననుకున్న వ్యాపారం సంగతి పిల్లలకి ముందే తెలుసు. అమెరికా, కెనడాల్లో మొదటి మూడు రోజులకే దాదాపు 16 కోట్ల 90 లక్షల డాలర్లు వచ్చాయని అంకెతో సహా చెప్పారు. డబ్బు సంగతి తెలిసి కూడా ఆ కథని ప్రేమిస్తున్నారు.

వీళ్లని విదేశీ పిచ్చి అనే ముందు మన సంగతి చూసుకుందాం. వ్యాసభారతంలో శశిరేఖ లేదు. మాయాబజార్‌లో పాండవులే కనిపించరు. 1957లో పదేళ్ల పిల్లాడిగా తెనాలిలో చూసొచ్చి, "మరి భీముడేడీ?" అని మా నాన్నని అడిగితే "రంగారావు ఉన్నాడు కదరా, చాలు" అన్నారు. 2010 జనవరిలో ఆ సినిమాకి రంగులద్ది మళ్లీ విడుదల చేస్తే, మా రిటైర్డ్ బ్యాచ్ అంతా వెళ్లి, శశిరేఖ చీరకి ఆ రంగేమిటని అరండల్‌పేటలో టీ కొట్టు దగ్గర గంటసేపు వాదించుకున్నాం. మమ్మల్ని చూసి ఎవరూ పత్రికకి ఉత్తరం రాయలేదు.

లండన్‌లో 2011 జులై 7న, ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఈ సినిమా వేడుక కోసం జనం ముందే వచ్చి గుడారాలేసుకుని వానలో తడిశారని టీవీలో చూపించారు. పిచ్చే అనుకోండి. తొలి ఆట టికెట్టు కోసం రాత్రంతా గేటు దగ్గర పడుకున్న వాళ్లు మన ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

మీ పత్రిక ద్వారా థియేటర్ల వారికి రెండు విన్నపాలు. ఇలాంటి సినిమాల్ని వీలైతే ఆపకుండా వెయ్యండి, లేకపోతే చూసి ఆపండి. ఆఖరి సీను అయ్యాక, పేర్లు పడటం మొదలయ్యాకే తలుపులు తీయండి.

మనవరాలు ఇంకోసారి వెళ్దామంటోంది, ఈసారి నా కోసం తెలుగులో. టికెట్టు కొనేముందు కౌంటర్లో "విశ్రాంతి ఎక్కడ వేస్తారు బాబూ?" అని అడగబోతున్నాను. అడగొద్దని, పరువు పోతుందని అది ఇప్పటి నుంచే బతిమాలుతోంది.

ఇట్లు,
రైల్వేలో పదవీ విరమణ చేసిన ఒక పాఠకుడు,
గుంటూరు