లీగల్ ఒపీనియన్‌లో జోన్ మాటేదీ?

సంపాదకుడు గారికి,

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల స్థలం కొనేవాళ్లు ముందుగా వకీలు దగ్గర లీగల్ ఒపీనియన్ తీసుకోవడం మంచి అలవాటే. ముప్పై ఏళ్ల ఈసీ (స్థలం మీద రిజిస్టరైన లావాదేవీల చిట్టా), లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు), అడంగల్, 1బీ లాంటి రెవెన్యూ రికార్డులు తిరగేసి 'టైటిల్ క్లియర్' అని రాసిస్తారు. అమ్మేవాడికి హక్కుందా లేదా అన్నంతవరకే ఆ మాట పనికొస్తుంది. అక్కడ ఇల్లు కట్టనిస్తారా అన్నది వేరే సంగతి; ఏ భూమిని దేనికి వాడాలో చెప్పే మాస్టర్ ప్లాన్‌లో అది ఏ జోన్‌లో (నివాసం, వ్యవసాయం వగైరా) ఉందో చూడాలి. దాని మీద చాలా ఒపీనియన్లలో ఒక్క ముక్క కనబడదు. రిజిస్ట్రేషన్ అయింది కాబట్టి ఇంటి ప్లాన్‌కు అనుమతి కూడా వస్తుందనుకోవడం ఇక్కడే మొదలవుతుంది.

'నాలా ఆర్డరు ఉంది కదండీ' అంటారు అమ్మేవాళ్లు. ఇప్పుడు రద్దయిన 2006 నాటి వ్యవసాయ భూముల మార్పిడి (నాలా) చట్టం కింద ఇచ్చిన ఆ ఆర్డరు రెవెన్యూ శాఖది. వ్యవసాయ భూమిని వేరే పనికి వాడుకోనిస్తుందే తప్ప మాస్టర్ ప్లాన్‌లో జోన్‌ను మార్చదు. జోన్ మారాలంటే దరఖాస్తు, ప్రకటన, అభ్యంతరాలు, చార్జీలు, చివరికి ఉత్తర్వు... వరుసగా అన్నీ కావాల్సిందే.

సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) పరిధిలో సర్వే నంబరు చెప్పి ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ తీసుకుంటే జోన్ తెలుస్తుంది. చిక్కంతా సబ్‌డివిజన్ దగ్గర. సర్టిఫికెట్ మొత్తం సర్వే నంబరుకు వస్తుంది, అమ్మేది అందులో ఒక ముక్క. ఆ నంబరులో సగం నివాస జోన్‌లోనూ మిగతాది ప్రతిపాదిత రోడ్డులోనూ ఉండొచ్చు. మనం కొనే ముక్క ఏ పక్కన పడిందో ఎఫ్‌ఎంబీ స్కెచ్‌ను (సర్వే శాఖ కొలతల పటం) మాస్టర్ ప్లాన్ మ్యాపు మీద పెట్టి చూస్తేనే తేలుతుంది. హద్దుల్లో 'తూర్పు: రోడ్డు' అని రాసుంటే సరిపోదు.

లెక్క చూడండి. 40 అడుగుల ముఖం, 45 అడుగుల లోతు ఉన్న ప్లాటు 200 గజాలు. మాస్టర్ ప్లాన్ రోడ్డుకు ముందువైపు 15 అడుగులు పోతే మిగిలేది దాదాపు 133 గజాలు. సెట్‌బ్యాక్‌లు (ఇంటి చుట్టూ వదిలే ఖాళీ) మళ్లీ అందులోంచే వదలాలి. దస్తావేజులో మాత్రం 200 గజాలే ఉంటుంది, స్టాంపు డ్యూటీ కూడా దానికే కట్టి ఉంటారు. చెరువు పక్క స్థలమైతే మరో కొలత: 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువు హద్దు నుంచి 30 మీటర్ల లోపు కట్టడానికి 2017 బిల్డింగ్ రూల్స్ ఒప్పుకోవు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు నీళ్లు విజయవాడ సింగ్‌నగర్‌లోకి వచ్చాక కూడా వాగు హద్దు ఎక్కడని అడిగే కొనుగోలుదారులు తక్కువే.

బ్యాంకులు తమ ప్యానెల్ న్యాయవాదులకిచ్చే లీగల్ ఒపీనియన్ నమూనాలో మూడు గళ్లు కలపాలి: సర్టిఫికెట్ ప్రకారం జోన్, రోడ్డుకు పోయే విస్తీర్ణం గజాల్లో, దగ్గరి చెరువు లేదా కాలువ హద్దు ఎంత దూరం. సీఆర్‌డీఏ కూడా సర్టిఫికెట్‌తో పాటు సబ్‌డివిజన్ గుర్తించిన స్కెచ్ ముక్క జతచేయాలి. మ్యాపు ఎలాగూ వాళ్ల దగ్గరే ఉంది.

- ఒక న్యాయవాది, బ్రాడీపేట, గుంటూరు