విదేశాంగ మంత్రి గారూ, ఆ ఒక్క మాట అడగమని మనవాళ్లకు చెప్పండి

విదేశాంగ మంత్రి ఎస్. జైశంకర్ గారికి,

నమస్కారం. మా అమ్మాయి అమెరికాలో ఎంఎస్ చదువుతోంది. అక్కడ రూల్స్ ఎప్పుడు ఎలా మారతాయో తెలియక ఇక్కడ మాకు ఒకటే టెన్షన్. 2025 ఏప్రిల్‌లో వేలమంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు, అంటే విద్యార్థి హోదాను చూపే అమెరికా ప్రభుత్వ రికార్డులు, ఉన్నట్టుండి రద్దయ్యాయి. పిల్లలు కోర్టులకెక్కాకే వాటిని పునరుద్ధరించడం మొదలుపెట్టారు. సెప్టెంబరులో కొత్త హెచ్‌1బీ పిటిషన్ల మీద లక్ష డాలర్ల ఫీజు వచ్చిపడింది. వాళ్ల విధానాలు మార్చడం మీ చేతిలో లేదని నాకు తెలుసు. మీ చేతిలో ఉన్న పని గురించే ఈ ఉత్తరం.

పరాయి దేశంలో పట్టుబడ్డ మనిషికి తన దేశ కాన్సులేట్‌తో మాట్లాడే హక్కు ఉంది. ఆ సంగతి పట్టుకున్నవాళ్లే వెంటనే చెప్పాలి. 1963 నాటి వియన్నా ఒప్పందంలోని 36వ అధికరణం చెప్పేది ఇదే. పాకిస్తాన్ చెరలో ఉన్న కుల్‌భూషణ్ జాదవ్ కోసం మన దేశం ఈ అధికరణం పట్టుకునే అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లి, 2019 జులైలో గెలిచింది. దాని విలువ మీకు నేను చెప్పనక్కర్లేదు.

చిక్కంతా ఒక్కచోటే ఉంది. కొన్ని దేశాలవాళ్లను నిర్బంధిస్తే, వాళ్లు అడిగినా అడగకపోయినా అమెరికా ఆ దేశ కాన్సులేట్‌కు కబురు పెట్టి తీరాలి. చైనా, బ్రిటన్ ఆ జాబితాలో ఉన్నాయి. భారత్ లేదు. మనవాళ్లు నోరు తెరిచి "మా కాన్సులేట్‌కు చెప్పండి" అంటేనే ఆ కబురు వెళ్తుంది. కాళ్లూ చేతులూ వణికే ఆ సమయంలో ఇరవై రెండేళ్ల పిల్లకు ఇది ఎలా గుర్తొస్తుంది, ముందుగా ఎవరూ చెప్పకపోతే?

మనమూ ఆ జాబితాలో చేరిపోతే సరిపోతుంది కదా అనిపించవచ్చు. నాకు అది సరైన దారి అనిపించదు. ఆశ్రయం కోరుతున్నవాళ్లు తమ సంగతి సొంత ప్రభుత్వానికి తెలియకూడదనుకోవచ్చు. అడగాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టానికే వదలాలి. అడగొచ్చని చెప్పడం మాత్రం మీ శాఖ బాధ్యత.

అందుకే ఒక్క పేజీ కాగితం వేయించండి. తెలుగు, పంజాబీ, గుజరాతీ, హిందీ, ఇలా మన భాషలన్నింటిలో. ఈ కాన్సులేట్ మాట అందులో మొదట ఉండాలి. వీసా ఉన్నా లేకపోయినా మౌనంగా ఉండే హక్కు ఉందని, ఇమిగ్రేషన్ కోర్టులో లాయర్‌ని పెట్టుకోవచ్చు గానీ ఖర్చు మనదేనని రాయాలి. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టొద్దని పెద్దక్షరాల్లో వేయాలి.

ఆ సంతకం సంగతి కాస్త వివరంగా చెప్పాలి. గ్రీన్‌కార్డు ఉన్న పెద్దవాళ్లు కొన్ని నెలలు ఇక్కడ ఉండి తిరిగి వెళ్తే, ఎయిర్‌పోర్టులో ఐ-407 అనే ఫారం ముందు పెట్టి సంతకం చేయమన్న సందర్భాలున్నాయి. దాని మీద సంతకం పెడితే గ్రీన్‌కార్డును వాళ్లంతట వాళ్లే వదులుకున్నట్టు. పెట్టనని చెప్పే హక్కు వాళ్లకుంది. ఇమిగ్రేషన్ జడ్జి ముందు విచారణ కావాలని అడగవచ్చు. తుది తీర్పు వచ్చేదాకా గ్రీన్‌కార్డు హోదా పోదు. పద్దెనిమిది గంటలు విమానంలో కూర్చుని వచ్చిన అరవై అయిదేళ్ల తల్లికి ఇది తెలియకపోతే, పిల్లల దగ్గర ఉండే హక్కు ఒక్క సంతకంతో పోతుంది.

ఇక్కడున్న కుటుంబాలకూ దారి చూపండి. నిర్బంధంలో ఉన్నవాళ్లను వెతికే అమెరికా వెబ్‌సైట్‌లో పేరు రికార్డులో ఉన్నట్టే ఒక్క అక్షరం తేడా లేకుండా కొట్టాలి. ఇంటిపేరు ఏ గడిలో పడిందో మనకే సరిగ్గా తెలియదు. పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉంటే వీసాలో దానికి ముందు 'ఎఫ్‌ఎన్‌యూ' (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని చేరుతుంది. ఇవేవీ తెలియని తండ్రి పేరు కొడుతూ కూర్చుంటాడు, మనిషి దొరకదు. భారతీయ కమ్యూనిటీ సంక్షేమ నిధి నుంచి నిరుపేదలకు న్యాయసహాయం అందించే వీలుంది. ఆ సంగతీ అదే కాగితంలో వేయండి.

దీనికి అమెరికా ఒప్పుకోవాల్సిన పని లేదు, పార్లమెంటులో కొత్త చట్టమూ అక్కర్లేదు. వచ్చే ఆగస్టులో చదువులకు బయల్దేరే పిల్లలు విమానం ఎక్కేలోపు ఈ కాగితం వాళ్ల చేతికి అందేలా చూడండి.

ఇట్లు,
అమెరికాలో చదువుతున్న ఒక విద్యార్థిని తండ్రి