పెద్దలకూ పర్వతారోహణ శిక్షణ అందుబాటులో ఉండాలి

సంపాదకులకు,

పర్వతారోహణ మన పత్రికలకెక్కిందంటే చాలావరకు శిఖరంపై జెండా పట్టుకున్న పిల్లల ఫొటోతోనే ఎక్కుతుంది. 2014 మే 25న పదమూడేళ్ల మాలావత్ పూర్ణ, ఆమెతో పాటు సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఎవరెస్టు ఎక్కినప్పుడు అందరిలాగే నేనూ మురిసిపోయాను. అదే ఉద్యోగం, సంసారం ఉన్న మనిషి కొండలెక్కడం నేర్చుకుంటానంటే మాత్రం ‘ఈ వయసులో ఇదేం సరదా’ అంటారు. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను ఎక్కిన మన నెల్లూరు జిల్లావాసి మల్లి మస్తాన్‌బాబు అప్పటికి ముప్పై దాటినవారేనని ఎవరికీ గుర్తుండదు.

ముప్పై ఆరేళ్ల వయసులో నేను డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో 28 రోజుల ప్రాథమిక కోర్సు చేశాను. 1954లో నెలకొల్పిన ఆ సంస్థలో క్షేత్ర శిక్షణకు తొలి డైరెక్టరు టెన్సింగ్ నార్గే. మొదట తాళ్ల ముడులు, బండలెక్కడం. ఆ తరువాత పశ్చిమ సిక్కింలోని యుక్సోమ్ నుంచి జోంగ్రి మీదుగా దాదాపు 14,600 అడుగుల ఎత్తున ఉన్న చౌరీఖాంగ్ శిబిరానికి ఎవరి మూట వారే మోసుకుంటూ నడక.

జోంగ్రి చేరిన సాయంత్రం నాకు తలనొప్పి పట్టుకుంది. నాతో పాటు వచ్చిన ఇరవై ఏళ్ల అమ్మాయి కడుపులో తిప్పినట్టు అనిపించగానే శిక్షకుడి దగ్గరకు వెళ్లి చెప్పేసింది. ఏళ్ల తరబడి తరగతి గదిలో ఇతరుల తప్పులు దిద్దుతూ వచ్చిన నేను మాత్రం రెండు పూటలు నోరు విప్పలేదు. చివరికి నా కంచంలో అన్నం మిగిలిపోవడం చూసి ఆయనే అడిగారు, ఆ రోజు నన్ను కదలనివ్వలేదు. ఎత్తుకు పోయేకొద్దీ ప్రాణవాయువు చాలక వచ్చే ఈ బాధను దాచుకుని ఇంకా పైకి వెళితే ఊపిరితిత్తుల్లోనో మెదడులోనో నీరు చేరి ప్రాణం మీదికి రావచ్చని, ముదిరితే చేయవలసిన మొదటి పని వెంటనే కిందికి దిగడమేనని అక్కడ నేర్చుకున్నాను. మంచుగొడ్డలి పట్టడం కంటే ‘నాకు బాగాలేదు’ అనడం నేర్చుకోవడమే నాకు కష్టమైంది.

ఇప్పుడు మన ఊళ్ల నుంచి నడివయసువారు వీడియోలు చూసి, బూట్లు కొనుక్కుని నేరుగా హిమాలయ ట్రెక్కింగ్‌లకు బయలుదేరుతున్నారు. వెళ్లడం తప్పు కాదు గాని, వారిలో చాలామంది నాలాగే దాచేవారే అయి ఉంటారని నా అనుమానం. పూర్ణ, ఆనంద్ తొలి పాఠాలు నేర్చిన భువనగిరి బండ మన ముంగిట్లోనే ఉంది. ఉద్యోగస్తుల కోసం అక్కడ వారాంతాల్లో తాళ్ల వాడకం, ప్రథమ చికిత్స, ఎత్తు ప్రదేశాల్లో జాగ్రత్తలు నేర్పే చిన్న కోర్సును రెండు రాష్ట్రాల పర్యాటక, క్రీడా శాఖలు కలిసి నడపవచ్చు.

సెలవు సంగతి కూడా ఆలోచించాలి. పర్వతారోహణ యాత్రలకు వెళ్లే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ప్రత్యేక సాధారణ సెలవు ఇచ్చే నిబంధన ఉంది. నేను పనిచేసే ప్రైవేటు కళాశాలలో అలాంటిదేమీ లేనందువల్ల ఆ నెల జీతం వదులుకుని వెళ్లాను. నాకు ఇంటి అద్దె లేదు కాబట్టి సరిపోయింది.

— ఒక అధ్యాపకురాలు, ఖమ్మం