కలుపు మందు డబ్బా మీద గ్రూపు నంబరు వేయించాలి

సంపాదకుడు గారికి,

కూలీలు దొరక్క మా వైపు చాలామంది వెదజల్లే వరికి మళ్లుతున్నారు. నాటు వేసిన మడిలో నిలబెట్టిన నీళ్లే చాలా కలుపును అణిచేవి. ఇప్పుడు ఆ భారమంతా మందు మీదే. వరిలో మొలిచే ఊద గడ్డి చావకపోతే దుకాణంలో ఇంకో డబ్బా చేతిలో పెడతారు. బిస్పైరిబాక్ సోడియం పనిచేయలేదని పెనాక్సులం కొనే రైతుకు, ఆ రెండూ కలుపులో దెబ్బకొట్టేది ఒకే ఎంజైమునని, అంటే రెండూ ఒకే గ్రూపు మందులని చెప్పేవారే లేరు.

అసలు భయం వేరే ఉంది. బిస్పైరిబాక్ కొడితే వరి ఎందుకు చావదు? ఆ మందును వరి తన ఎంజైములతో త్వరగా విరగ్గొట్టుకుంటుంది. ఏటా అదే మందు కొడుతుంటే, ఈ శక్తి ఎక్కువున్న ఊద మొక్కలే మిగిలి గింజ రాలుస్తాయి. కాలిఫోర్నియాలోని శాక్రమెంటో లోయ వరి పొలాల్లో ఇలాంటిదే జరిగింది. అక్కడి ఊదలో మందును విరగ్గొట్టే పీ450 రకం ఎంజైములు రెండు మామూలు కంటే ఎక్కువగా తయారవుతున్నాయని పరిశోధకులు తేల్చారు. అలాంటి ఊద వేరే గ్రూపుల మందులను కూడా అరిగించుకుంటోంది. అంటే గ్రూపు మార్చినా పూర్తి భరోసా లేదు.

మన దేశంలోనూ ఈ దెబ్బ తిన్నవాళ్లున్నారు. హర్యానా గోధుమ రైతులు ఏళ్ల తరబడి ఐసోప్రొట్యురాన్ అనే కలుపు మందునే నమ్ముకున్నారు. 1990ల మొదట్లో గోధుమ చేలలో కలుపైన గుల్లిదండా గడ్డి దానికి లొంగడం మానేసింది. గోధుమను పచ్చిమీదే పశువుల మేతకు కోసేసినవాళ్లున్నారు. తర్వాత వచ్చిన క్లోడినాఫాప్ మందుకూ కొన్నేళ్లకు అదే గతి పట్టింది.

ఖర్చు కలిసొస్తుందని సగం డోసు కొట్టడం, ఊద బాగా ముదిరాక కొట్టడం మన దగ్గర మామూలే. చావాల్సిన మొక్క వాడిపోయి మళ్లీ తేరుకుంటుంది. ఆస్ట్రేలియాలో రై గడ్డి అనే కలుపు మీద చేసిన ప్రయోగాల్లో, తక్కువ డోసుతో కొన్ని తరాలకే మందుకు తట్టుకునే గుణం వచ్చేసింది.

విషతీవ్రత తెలిపే రంగు గుర్తు ఎలా తప్పనిసరో, మందు ఏ గ్రూపుదో తెలిపే నంబరును కూడా పెద్దగా, తెలుగులో అచ్చువేయడం తప్పనిసరి చేయాలి. ఆస్ట్రేలియా డబ్బాల మీద ఇది ఉంటుంది. విత్తే ముందు తడిపెట్టి కలుపు మొలిచాక దున్నేయడం, మిగిలిన ఊదను గింజ కట్టకముందే పీకించడం గురించి వ్యవసాయ విస్తరణాధికారులు (ఏఈవోలు) రైతు వేదికల్లో గట్టిగా చెప్పాలి. మందుకు చావని ఊద గింజలను రైతు తెచ్చిస్తే పరీక్ష చేసే ఏర్పాటు వ్యవసాయ విశ్వవిద్యాలయం వచ్చే వానాకాలం లోపు మొదలుపెట్టాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక వరి రైతు,
నల్గొండ జిల్లా