కండక్టరమ్మ నీళ్లెందుకు తాగదు?

సంపాదకులకు నమస్కారం.

తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం మొదలైంది. మంచిదే. అవే బస్సుల్లో రోజంతా తిరిగే మహిళా కండక్టర్ల గురించి మాత్రం మాట్లాడేవాళ్లు తక్కువ. ఎక్కిన ప్రతి మహిళకూ జీరో టికెట్ కొట్టాలి. కిక్కిరిసిన బస్సులో టిక్కెట్ల మిషను పట్టుకుని ముందుకీ వెనక్కీ తిరగాలి.

పల్లెవెలుగు బస్సు తిప్పుకునే చివరి ఊళ్లో మరుగుదొడ్డి లేకపోతే డ్రైవరు ఏ చెట్టు చాటుకో పోతాడు. ఈమె ఎక్కడికి పోవాలి? అందుకే గొంతు తడుపుకోవడమే తప్ప కడుపునిండా నీళ్లు తాగరు. ఆపైన మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్లు. నెలసరి రోజుల్లో అవస్థ చెప్పనక్కర్లేదు. తెల్లవారుజాము సర్వీసంటే పిల్లలు లేవకముందే ఇల్లు వదలాలి. సంక్రాంతికి ఊరంతా ఇళ్లకు చేరుతుంటే వీళ్లది రద్దీ డ్యూటీ.

డిపోలో విశ్రాంతి గది ఉంటే చాలదు, అవసరం దారిలో వస్తుంది. చివరి ఊళ్లో పంచాయతీ కార్యాలయమో బడో ఉంటుంది కదా, అక్కడి మరుగుదొడ్డి తాళంచెవి కండక్టరుకు అందేలా సర్పంచులు చూడాలి. దీనికి జీవో కూడా అక్కర్లేదు. పండగ డ్యూటీలు వంతులవారీగా వేయడం డిపో అధికారుల పని.

— ఒక నిత్య ప్రయాణికురాలు, సూర్యాపేట