కుక్కని దింపేసి వెళ్ళిపోయే బ్యాచ్ ఇక ఉండదు

మన ఎజిలిటీ (మనిషి పక్కన పరిగెడుతూ కుక్క చేత అడ్డంకులు దాటించే ఆట) గ్రౌండుకి వస్తున్న అందరికీ, కొత్తగా ఫోన్లు చేస్తున్నవాళ్ళకీ నమస్కారం.

పొద్దున్న కుక్కని దింపేసి ఆఫీసుకెళ్ళి, సాయంత్రం వచ్చి పట్టుకెళ్ళే బ్యాచ్‌ని పైడితల్లమ్మ సిరిమాను పండగ మర్నాడు, అంటే బుధవారం నుంచి ఆపేస్తున్నాను. డబ్బు కట్టేసినవాళ్ళకి మిగిలిన రోజులది వెనక్కిచ్చేస్తాను. వద్దనుకుంటే మీరూ కుక్కా కలిసి వచ్చే క్లాసుకి మారొచ్చు, దానికి ఫీజు తక్కువే. దాచడమెందుకు, గ్రౌండు అద్దె గట్టెక్కుతున్నదే ఆ బ్యాచ్ మీద. మా ఇంట్లో కూడా ఈ విషయం మీద గట్టిగానే అయింది.

అయినా ఎందుకంటే, వారమంతా నాతో చక్కగా పరిగెత్తిన కుక్క ఆదివారం యజమాని వచ్చి నిలబడితే హర్డిల్ పక్కనుంచి వెళ్ళిపోతోంది. "మీ దగ్గర చేస్తాది, మా దగ్గర చెయ్యదేటండీ?" అని అడుగుతారు. చెయ్యదండీ. అది నేర్చుకున్నది హర్డిల్ దూకడం ఒక్కటే కాదు, నన్ను చూసి పరిగెత్తడం. మిమ్మల్ని చూసి పరిగెత్తడం దానికి ఎవరూ నేర్పలేదు.

ఈ ఆట 1978లో లండన్‌లో, క్రఫ్ట్స్ అనే పెద్ద డాగ్ షోలో, మధ్యలో ఖాళీ సమయంలో జనాన్ని కూర్చోబెట్టడానికి మొదలైంది. గుర్రాల చేత అడ్డంకులు దూకించే పోటీ చూసి అల్లిన ఆట. పోటీపోటీకీ కోర్సు, అంటే అడ్డంకుల వరస, మారిపోతుంది. ముందు మనిషి ఒక్కడే కోర్సంతా నడిచి దారి గుర్తుపెట్టుకుంటాడు, కుక్కకి మాత్రం ఏది తర్వాత ఏదో తెలీదు. పరుగు మొదలయ్యాక ముట్టుకోకూడదు, చేతిలో తిండి ఉండకూడదు. ఇక కుక్కకి మిగిలిన ఆధారం మన గొంతూ, అంతకన్నా ఎక్కువగా మన ఒళ్ళూ.

మొన్న ఒక మాస్టారు వాళ్ళ రాజాని పరిగెత్తించారు. నాటు కుక్క, బాణంలా పోతుంది. రెండు హర్డిళ్ళయ్యాక ఎడమకి తిరగాలి, ఎదురుగా టన్నెల్, అంటే కుక్క దూరి వెళ్ళే పెద్ద గొట్టం, నోరు తెరుచుకుని ఉంది. మాస్టారు "లెఫ్ట్, లెఫ్ట్" అని అరుస్తున్నారు గానీ ఆయన బూట్ల ముక్కులు, కుడి భుజం టన్నెల్ వైపే ఉన్నాయి. రాజా తిన్నగా టన్నెల్లోకి దూరింది. "మాట వినదు ఎదవ" అన్నారు. నిజానికి బుద్ధిగా వింది, మాస్టారి కాళ్ళ మాట. రెండో హర్డిల్ మీదికి కుక్క లేవకముందే ఆయన్ని దాని ముందుకొచ్చి, దానివైపే తిరుగుతూ పక్క మారమన్నాను. దీన్నే ఫ్రంట్ క్రాస్ అంటారు. అరుపు అక్కర్లేకుండానే రాజా ఎడమకి తిరిగింది. ఇది నేను రాజాకి నేర్పగలిగేది కాదు, మాస్టారికి నేర్పాల్సింది.

వీవ్ పోల్స్, అంటే కుక్క అటూ ఇటూ మెలికలు తిరుగుతూ దాటాల్సిన గడల వరస, దగ్గర ఇది మరీ తెలుస్తుంది. పోటీల్లో పన్నెండు గడలు, గడకీ గడకీ 60 సెంటీమీటర్లు, మొదటి గడ కుక్క ఎడమ భుజానికి రావాలి. మన దగ్గర మొదట రెండు వరసలుగా పాతి, మధ్యలో సందు వదిలి, రోజురోజుకీ దగ్గరకి జరుపుతాం. నెలలు పడుతుంది. మీరు తొందరపడి ముందుకి వంగితే కుక్క చివరి రెండు గడలూ వదిలేసి మీతో వచ్చేస్తుంది. గడలకి ఎర్ర రంగు వెయ్యమన్నవాళ్ళున్నారు. కుక్క కంటికి ఎరుపూ ఆకుపచ్చా తేడా సరిగా ఆనదు, గడ్డిలో కలిసిపోతాయి. అందుకే పసుపూ నీలం.

ఏ-ఫ్రేమ్, అంటే కుక్క ఎక్కి దిగే ఇంటికప్పు లాంటి ఏటవాలు పలకలు, దాని కింది భాగంలో పసుపు పూసింది కూడా అందానికి కాదు. దిగేటప్పుడు కుక్క అక్కడ కాలు పెట్టి తీరాలి. పైనుంచి గెంతేస్తే భుజాలు పాడవుతాయి. వాన పడి పలక తడిగా ఉన్న రోజు ఏ-ఫ్రేమ్ ఉండదు, దాని గురించి నాతో వాదించకండి.

కుక్కపిల్లల సంగతి. ఏడాది నిండని కుక్క చేత ఎత్తు దూకించను, ఎముక ఎదిగే చివర్లు ఇంకా గట్టిపడవు. అంతర్జాతీయ పోటీల్లో కూడా 18 నెలలు నిండితే తప్ప దించనివ్వరు. మన దగ్గర ఏడాది నిండేదాకా హర్డిల్ కర్ర నేలమీదే ఉంటుంది. లావెక్కిన లాబ్రడార్లకీ అంతే. చెయ్యి వేస్తే పక్కటెముకలు తగలాలి, తగలకపోతే ముందు పెరుగన్నం తగ్గించండి. పెద్ద కుక్కల హర్డిల్ 55 నుంచి 60 సెంటీమీటర్లు, ఆ బరువుతో దూకిస్తే మీకు గరివిడి పశువైద్య కళాశాల చుట్టూ తిరగడమే మిగులుతుంది.

టైము పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది, సాయంత్రం అయిదున్నర తర్వాత. ఎండ తగ్గింది కదా అంటారు, ఉక్కపోత తగ్గలేదు. కుక్క ఒళ్ళు చల్లబడేది ముఖ్యంగా నాలిక చాపి రొప్పితేనే. గాలిలో తడి ఎక్కువుంటే ఎంత రొప్పినా వేడి దిగదు. ముక్కు చప్పిడిగా ఉండే పగ్‌లకి ఇంకా కష్టం, వాటికి చిన్న పరుగులే.

పతకాలూ సర్టిఫికెట్లూ కావాలని వచ్చేవాళ్ళకి ముందే చెప్తున్నా, నేనివ్వలేను. ఆఫీసు పనితో కుదరనివాళ్ళకి ఆదివారం ఒక్కరోజు క్లాసు పెడుతున్నాను. ఇంట్లో ఎవరు వచ్చినా ఫర్వాలేదు గానీ, ఎప్పుడూ ఆ ఒక్కరే రావాలి.

తొలేళ్ళు (సిరిమాను ముందురోజు), సిరిమాను రెండు రోజులూ గ్రౌండు మూత. డప్పులకీ బాణసంచాకీ బెదిరి బెల్టు తెంపుకుపోయే కుక్కలుంటాయి. ఆ రెండు రోజులూ గేటు వేసి ఉంచుకోండి, మెడలో మీ ఫోన్ నంబరున్న బిళ్ళ ఉందో లేదో చూసుకోండి.